ఏడో ముడి

తుప్పు పట్టిన గుండుసూదిని లాగకూడదు. లాగితే కాగితం కూడా చిరిగి వస్తుంది. కాశయ్య పల్చటి కత్తిమొనను సూది కిందికి దూర్చి, ఊపిరి బిగబట్టి, చంటిపిల్ల చెవిలో గుబిలి తీసినంత మెల్లగా పైకి లేపాడు. సూది ఊడి సత్తుగిన్నెలో పడింది. కాగితం మీద మిగిలిన గోధుమరంగు మచ్చను మెత్తని కుంచెతో రెండుసార్లు దులిపి ఇంకో కాగితం అందుకున్నాడు.

జగదల్‌పూర్‌లో యూనివర్సిటీ లైబ్రరీ వెనకగది అది. పద్దెనిమిదేళ్ళుగా అతని కొలువు అక్కడే. రిటైరైన ప్రొఫెసర్ల కాగితాలు గోనెసంచుల్లో వస్తాయి. ఉత్తరాలు, నోటుబుక్కులు, సగం రాసి వదిలేసిన పాఠాలు, మందుల చీటీలు. వాటిని దులిపి, సూదులు తీసి, దారాలు విప్పి, తెల్లటి అట్టపెట్టెల్లో సర్దాలి. “పెద్దోళ్ళ ఇంటి చెత్తంతా నీ నెత్తిన రుద్దారు” అని తోటి అటెండర్లు ఏడిపిస్తారు. చెత్త అన్న మాట కాశయ్యకు గిట్టదు. అయినా ఎవరితోనూ వాదన పెట్టుకునే మనిషి కాదు. యాభై ఏడేళ్ళ బక్కపలచని శరీరం, వంగిపోయిన మెడ, గోళ్ళ సందుల్లో ఎంత తోమినా పోని తుప్పు. అతను సెలవు పెట్టిన రోజు కూడా ఎవరికీ తెలియదు పాపం.

ఆరునెలలుగా శాంతిప్రియ మేడం కాగితాలు చూస్తున్నాడు. ఆమె కిరండూల్ రైల్వే క్వార్టర్లలో పెరిగారు. తండ్రి నూకరాజు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన గ్యాంగుమన్. చదువుకునే రోజుల్లో ఆమె బాసగూడ చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి అక్కడి గిరిజనుల దోర్లీ భాషలో మాటలు రాసుకున్నారు. వాటిలో సగం చెప్పింది కాశయ్య తల్లి వెంకమ్మే. తర్వాతెప్పుడో గొడవలకు ఊరు ఖాళీ అయిన ఏడు కాశయ్య కట్టుబట్టలతో జగదల్‌పూర్ చేరితే, ఈ కొలువు ఇప్పించిందీ మేడమే. వెంకమ్మ ఆ ఏడు దాటలేదు. ఆమె ఫొటో ఒక్కటీ లేదు కొడుకు దగ్గర.

ప్రతి బుధవారం పదకొండింటికి మేడం సన్న అనే కుర్రాడి ఆటోలో వస్తారు. “ఏటి కాశయ్యా, ఈవేళ ఏటి బయటికి తీసేవు?” అంటూ కుర్చీ లాక్కుంటారు. ఏ కాగితం ఏ ఏటిదో, ఎవరు చెప్పిన మాటో ఆమె చెబుతుంటే అతను పెన్సిల్‌తో రాసుకుంటాడు. ఆ రెండు గంటలూ అతనికి పండగే.

ఇవాళా బుధవారమే. పది గంటలకు ఆఖరి నోటుబుక్కు తెరిచాడు. అందులోంచి ఒక తాడు జారి ఒళ్ళో పడింది.

చూడగానే పోల్చుకున్నాడు. అడ్డతీగ నారను తొడ మీద పేని, అందులో చీర అంచు నుంచి తీసిన ఎర్రపోగు కలపడం వెంకమ్మకు అలవాటు. వాళ్ళ వైపు శుభకార్యానికి పిలుపంటే ముడులేసిన తాడే. ఎన్ని రోజులుంటే అన్ని ముడులు. అందుకున్న మనిషి రోజుకొకటి విప్పి, ఆఖరిది విప్పిన రోజున బయల్దేరాలి. కాశయ్య పెళ్ళికి ఏడు ముడుల తాడు కిరండూల్ వెళ్ళింది. మేడం రాలేదు. వెంకమ్మ పొద్దుగూకేదాకా దారి వైపే చూసింది. ముప్పై ఏళ్ళు గడిచినా, ఇంత మేలు పొందినా, కాశయ్య గుండెలో ఆ ముల్లు అలాగే ఉండిపోయింది. ఎందుకు రాలేదో అతను అడగలేదు. ఆమె చెప్పనూ లేదు.

తాడుకు ఒక్క ముడి మిగిలి ఉంది. తాడున్న పేజీలో మేడం రాత: “ఆరు విప్పాను. చీర మడతపెట్టి సంచిలో పెట్టుకున్నాను. రాత్రి నాన్న పోయారు. వెంకమ్మకి ఏ మొహం పెట్టుకుని చెప్పను, శుభం జరిగే ఇంట్లో?”

కాశయ్య ఆ నాలుగు ముక్కలూ కూడబలుక్కుంటూ మూడుసార్లు చదివాడు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఎంత పిచ్చివాణ్ణి, అనుకున్నాడు. మేడం రాగానే తాడు ఆమె చేతిలో పెట్టి, ఇప్పుడు విప్పమ్మా అనాలి. పిలుపు అందుకున్న మనిషే విప్పాలి మరి.

పై ఉద్యోగి దీప, భోపాలపట్నం అమ్మాయి, అటుగా వచ్చి తాడు చూసింది.

“కాకా, గా తాడు బుట్టలెయ్యి. పెట్టెల పెడితే పురుగు పడతది.”

“పారెయ్యను బేటా.”

దీప తెల్లబోయింది. పద్దెనిమిదేళ్ళలో అతను కాదన్న మొదటి మాట అది.

“రూల్ తెలుసు కద కాకా. కాగితం కానిది ఉంచాలంటే, అదేందో మేడమే చెప్పాలె, లిస్టుల ఎక్కాలె.”

“చెప్తది. పదకొండింటికి వస్తది.”

పదకొండైంది. కాశయ్య కుర్చీ తుడిచి ఫ్యాను కిందికి జరిపాడు. పదకొండున్నరైంది. రెండుసార్లు గేటు దాకా వెళ్ళొచ్చాడు. పన్నెండింటికి సన్న ఒక్కడే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

“మేడం పొద్దుగాల చాయ్ తాగి కుర్చీలనే పోయింది కాకా. హారన్ కొట్టి కొట్టి లోపలికి పోయి చూసిన. సంచి సర్దుకొని ఒళ్ళె పెట్టుకున్నది, ఇక్కడికి వద్దామనే.”

తల్లి పోయినప్పుడు కాశయ్యకు ఏడవడానికి తీరిక లేకపోయింది. ఇప్పుడు ఆ ఖాళీ కుర్చీ పక్కన నేల మీద కూర్చుని ఇద్దరికీ కలిపి ఏడ్చాడు. దీప ఫ్యాను కట్టేసింది. అతని ఏడుపు తగ్గాక బుట్ట వైపు గానీ తాడు వైపు గానీ చూడకుండా అంది.

“ఇప్పుడెట్ల కాకా? ఎవరు చెప్తరు?”

అతను మొహం తుడుచుకున్నాడు.

“నేను చెప్త. రాయి బేటా.”

ఇంతకాలం వేరేవాళ్ళు చెప్పింది రాసుకోవడమే గానీ, తన సంగతి ఏనాడూ చెప్పని మనిషి. దీప పెన్ను అందుకుంది.

“మా అమ్మ పేనింది. బాసగూడ వెంకమ్మ. నా పెండ్లికి మేడంను పిలిచింది. ఆరు రోజులు మేడం తయారైంది. ఆరో రాత్రి వాళ్ళ నాయిన పోయిండు.”

దీప పొల్లుపోకుండా రాసింది. తాడు అందుకుని అటూ ఇటూ తిప్పింది.

“ముడి ఇప్పి సాపుగ పెడదామా? పెట్టెల మంచిగ పడతది.”

“వద్దు బేటా. ఇప్పేటామె రాలే.”

తెల్లకాగితం పరిచి, తాడును నోటుబుక్కు పక్కన పెట్టాడు. మూత వేయబోయి ఒక్క క్షణం ఆగాడు. బూడిదరంగు నార, మధ్యలో వెంకమ్మ చీర అంచు ఎర్రపోగు, చివర ఒకే ఒక్క ముడి.