నెట్ దగ్గర షెరిన్

నతానియేల్‌కి మొదటిసారి నొప్పి వచ్చినప్పుడు అందరూ గుండెపోటే అనుకున్నారు. ఆ చలికాలం అమెరికాలో, వాళ్లుండే రెడ్‌మండ్‌లో ఎవరిని చూసినా జలుబూ జ్వరమూ. అతనికీ వచ్చి తగ్గాయి. తగ్గిన కొద్దిరోజులకి ఆఫీసులో మీటింగ్ మధ్యలో రొమ్ములోకి ఎవరో కత్తి దింపి అలాగే వదిలేసినట్టయింది. ఊపిరి పీలిస్తే పోటు, వెనక్కి వాలితే పోటు. బల్ల మీదకి వంగి కూర్చుంటే కాస్త తెరిపి. అంబులెన్స్‌లో వెల్లకిలా పడుకోబెట్టబోతే "వద్దు, నన్ను పడుకోబెట్టొద్దు!" అని తెలుగులో అరిచాడు.

హాస్పిటల్లో డాక్టరమ్మ అతని ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది. గుండె బాగానే ఉందని, దాని చుట్టూ సంచిలా ఉండే పల్చటి పొర వాచిందని, గుండె కొట్టుకున్నప్పుడల్లా ఆ వాపు రాసుకుని నొప్పి పుడుతోందని చెప్పింది. "మందులతో తగ్గుతుంది. చాలామందికి మళ్లీ రాదు" అంది. పక్కనున్న కుర్చీలో అతని భార్య షెరిన్ కళ్లు మూసుకుని దేవుడికి స్తోత్రం చెప్పుకుంది.

అతనికి మాత్రం మళ్లీ వచ్చింది. ఆ తర్వాత మళ్లీ. స్టెరాయిడ్ మాత్ర కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ, ఇక మానేయొచ్చు అనుకునే సమయానికి ఓ తెల్లవారుజామున ఎడమ భుజంలో సన్నగా నొప్పి మొదలయ్యేది. ఆ సన్నదనం చూస్తేనే అతనికి తెలిసిపోయేది. ఆ మాత్రలకి మొహం గుండ్రంగా ఉబ్బింది. ఆదివారం తెలుగు చర్చిలో కనిపించినవాళ్లంతా "ఒళ్లు చేశావ్ బ్రదర్, దేవుని కృప" అనేవాళ్లు. అతను నవ్వి ఊరుకునేవాడు.

నొప్పికంటే అతన్ని తినేసింది ఆట. గుండె వేగంగా కొట్టుకునే పనేదీ చేయకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. నొప్పి పూర్తిగా పోయి, రక్తపరీక్షల్లో వాపు లేదని తేలి, ఆ పైన కూడా కొన్ని నెలలు ఆగాలి. నతానియేల్‌కి బ్యాడ్మింటన్ సరదాకి ఆడే ఆట కాదు. నరసాపురంలో స్కూలు రోజుల నుంచీ ఆడాడు. విశాఖపట్నంలో యూనివర్సిటీ కోర్టులోనే సామర్లకోట అమ్మాయి షెరిన్‌ని చూశాడు. మిక్స్‌డ్ డబుల్స్‌లో ఆమె నెట్ దగ్గర, అతను వెనక. తలమీదుగా వెళ్లిన షటిల్ కాక్‌ని ఆమె ఏనాడూ వెనక్కి తిరిగి చూడలేదు. అతను తీస్తాడని తెలుసు. పెళ్లయ్యాక, అమెరికా వచ్చాక కూడా ప్రతి శనివారం పొద్దున ఇద్దరూ బ్యాగులు తగిలించుకుని క్లబ్‌కి వెళ్లేవారు.

ఇప్పుడు శనివారాలు ఇంట్లోనే. అతను సోఫాలో మూడు దిండ్లకి ఆనుకుని కూర్చుని ఎక్కడెక్కడివో మ్యాచ్‌లు ఫోన్లో చూసేవాడు. షెరిన్ పక్కన బట్టలు మడత పెట్టేది.

నాలుగోసారి తగ్గాక చాలా వారాలు ఏ నొప్పీ లేకుండా గడిచాయి. డాక్టరమ్మ చెప్పిన గడువు ఇంకా మిగిలే ఉంది. ఓ శనివారం షెరిన్ కిరాణాకి వెళ్లగానే నతానియేల్ రాకెట్ తీసుకుని ఊబర్‌లో క్లబ్‌కి వెళ్లాడు. ఎవరితోనో ఊరికే అటూ ఇటూ కొట్టాలనుకున్నాడు. అలాగే మొదలుపెట్టాడు. కానీ కాక్ నెత్తిమీద ఎత్తుగా లేచేసరికి కాళ్లు వాటంతటవే వెనక్కి పరిగెత్తాయి, చెయ్యి లేచింది. స్మాష్ దెబ్బ హాలంతా మోగింది. ఆ ఒక్క క్షణం అతనికి ఏ జబ్బూ లేదు.

సోమవారానికి భుజంలో మొదలైంది. మంగళవారం హాస్పిటల్లో ముందుకి వంగి కూర్చుని ఉన్నాడు. ఆట వల్లే తిరగబెట్టిందా, ఆడకపోయినా తిరగబెట్టేదేనా అన్నది డాక్టరమ్మ కచ్చితంగా చెప్పలేదు. ఈసారి మందు మార్చింది. వారానికోసారి పొట్ట మీద వేసుకోవాల్సిన ఇంజెక్షన్.

ఇంటికి షెరినే కారు నడిపింది. గరాజ్‌లో ఆపాక దిగలేదు.

"చెప్పకుండా ఎందుకెళ్లావ్?"

"చెప్తే వెళ్లనిచ్చేదానివి కాదు."

"అవును, వెళ్లనిచ్చేదాన్ని కాదు!" అంది. "నీకొక్కడికేనా ఆడాలని ఉండేది? నాకుండదా? నేను మానేసి ఎన్నాళ్లయిందో నీకు తెలుసా నతానియేల్? ఒక్కసారైనా అడిగావా?"

అతను ఆమె వైపు చూశాడు. నిజంగానే అడగలేదు. తనతోపాటు ఆమె ఆగిపోవడం రోజూ వీచే గాలిలా అతనికి కనబడకుండా పోయింది.

"సారీ షెరిన్. నువ్వు ఆడు. రేపట్నుంచే వెళ్లు."

"నువ్వు లేకుండా ఎవరితో ఆడతాను?"

"దేవ్ ఉన్నాడుగా. వాడికి పార్ట్‌నర్ లేరంట."

దేవ్ వరంగల్ కుర్రాడు, క్లబ్‌లో పరిచయం. ఆమె కాదంది. నతానియేల్ పోరుపెట్టాడు. నొప్పి తగ్గుముఖం పట్టాక ఒక శనివారం అతనే ఆమె బ్యాగు సర్ది, నీళ్ల సీసా నింపి గుమ్మం దాకా పంపాడు. తలుపు వేసి వచ్చాక ఆ ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందో అతనికి తెలిసింది.

మధ్యాహ్నం ఆమె తిరిగి వచ్చింది. స్నానం అక్కడే చేసి, జుట్టు ఆరబెట్టుకుని మరీ వచ్చింది.

"ఎలా ఆడావ్?"

"ఏదో ఆడాను. అన్నం పెట్టనా?"

ప్రతి శనివారమూ అంతే. బ్యాగు నేరుగా గరాజ్‌లోకి పోయేది. ఆట మాట ఎత్తితే టాపిక్ మార్చేది. తనని బాధపెట్టకూడదనే ఆమె తన సంతోషాన్నంతా గడప అవతల వదిలి వస్తోందని అతనికి అర్థమైంది. అర్థమయ్యేకొద్దీ మరీ ఒంటరిగా అనిపించింది. ఇదివరకు ఆట ఒక్కటే పోయింది, ఇప్పుడు ఆట మీద మాట కూడా పోయింది.

కొత్త మందు పనిచేస్తున్నట్టే ఉంది. నడవొచ్చు అన్నారు. అక్టోబరులో ఒక శనివారం, ఆమె వెళ్లిన గంటకి అతనూ ఊబర్ బుక్ చేసుకుని క్లబ్‌కి వెళ్లాడు. రాకెట్ తీసుకెళ్లలేదు.

చివరి కోర్టులో ఆడుతున్నారు. షెరిన్ నెట్ దగ్గర మోకాళ్లు వంచి, రాకెట్ మొహం ఎత్తులో పట్టుకుని నిలబడి ఉంది. ఆ నిలబడటం చూడగానే నతానియేల్‌కి ఊపిరి ఆడలేదు, జబ్బు వల్ల కాదు. ఎవరికీ కనబడకుండా బెంచీ చివర కూర్చున్నాడు. ఒక కాక్ ఆమె తల మీదుగా వెళ్లింది. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. దేవ్ తీశాడు. అవతలివాళ్లు తడబడి నెట్ మీదకి ఇచ్చారు, షెరిన్ సున్నితంగా అవతలికి జారవిడిచి పెద్దగా నవ్వింది. విశాఖలో విన్న నవ్వు అది. అతనికి సంతోషం కలిగింది. ఆ వెనక చోటులో తను లేడన్న దిగులు ఆ సంతోషాన్ని పక్కకి నెట్టకుండానే వచ్చి, దాని పక్కనే కూర్చుంది.

ఆట ముగిశాక దేవ్ ముందు చూశాడు. "అన్నా! నువ్వెప్పుడొచ్చినవ్? ఎట్లున్నది ఇప్పుడు?"

"బానే ఉన్నాను. బాగా ఆడారు" అన్నాడు నతానియేల్.

షెరిన్ మొహంలో నవ్వు చప్పున ఆరిపోయింది. దొంగతనం బయటపడ్డదానిలా తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ వచ్చింది. "ఎందుకొచ్చావ్? పద, వెళ్దాం. స్నానం చేసొస్తా."

"స్నానం ఇంటికెళ్లి చెయ్యి. ఇలాగే రా."

కారు ఆమే నడిపింది. బయట సన్నటి వాన. కారంతా చెమట వాసన, రబ్బరు బూట్ల వాసన. అతను కళ్లు మూసుకుని ఆ వాసన పీల్చాడు.

"కోపమొచ్చిందా?" అని అడిగింది.

"నువ్వు ఆడినందుకు కాదు. వచ్చి నాకేం చెప్పనందుకు."

"ఏం చెప్పను? నువ్వు ఇంట్లో అలా కూర్చుని ఉంటే, నేనొచ్చి ఎంత బాగా ఆడానో చెప్పాలా?"

"చెప్పాలి. నన్ను ఆడొద్దన్నారు గానీ వినొద్దనలేదు షెరిన్. నేను రాకముందు ఫస్ట్ గేమ్ ఏమైంది?"

ఆమె సిగ్నల్ దగ్గర ఆగింది. కళ్లు తుడుచుకుంది.

"ఓడిపోయాం" అంది చివరికి. "దేవ్‌కి ఓపిక ఉండదు. ప్రతిదీ స్మాషే. నువ్వైతే ఒక్కోటి మెల్లగా వదిలేవాడివి."

"అవతల ఎవరు?"

"ఆ పొడుగాయన, వాళ్లావిడ. ఆవిడకి బ్యాక్‌హ్యాండ్ రాదు. నాకది సెకండ్ గేమ్‌లో గానీ తెలియలేదు."

"తెలిశాక?"

"తెలిశాకా..." అని షెరిన్ స్టీరింగ్ మీద నుంచి ఒక చెయ్యి తీసి, గాలిలో మణికట్టు తిప్పి చూపించింది. సిగ్నల్ పచ్చబడింది. వెనక కారు హారన్ కొట్టింది. ఆమె కారు ముందుకి పోనిస్తూ చెప్పడం మొదలుపెట్టింది, ఒక్కో పాయింటూ. అతను ఆమె వైపు తిరిగి కూర్చుని, ఇంకా, ఇంకా అని అడుగుతూనే ఉన్నాడు.