చుక్కలో ఎనిమిదో ముక్క

కోరంగి రేవులో ఒండ్రు మేటవేసి, పెద్ద ఓడలన్నీ కాకినాడ వైపు మళ్లిపోతున్న రోజులవి. రేవుకు దిగువనున్న పల్లెపాలెంలో మరిడమ్మకు మనవడు పుట్టాడు. చిన్నకొడుకు బుల్లియ్యకు తొలి బిడ్డ. పురిటి మైల తీరగానే మరిడమ్మ ఒక గుడ్డల మూట తెచ్చి పెద్దకోడలు తలుపులమ్మ ముందు పడేసింది.

"బిడ్డను ఉయ్యాల్లో ఎయ్యాలి. బొంత నువ్వే కుట్టాలే. నీ సేతికున్న వాటం ఈ పాలెంలో ఇంకెవత్తికీ లేదు."

మరిడమ్మ నోట మెచ్చుకోలు వచ్చిందంటే వెనకాల ఏదో పని ఉన్నట్టే. కాపరానికి వచ్చిన కొత్తలోనే తలుపులమ్మకు ఆ సంగతి తెలిసింది.

ఆ పాలెంలో బిడ్డ బొంతకు ఒక పద్ధతి ఉంది. నడుమ ఎనిమిది మొనల చుక్క ఉండాలి. ఆ చుక్కలో ఇంట్లో పోయినవాళ్ల బట్టలే వేయాలి. బతికున్నవాళ్లవి చుట్టూ అంచుల్లోకి పోతాయి. పోయినవాళ్లు బిడ్డ వీపు కింద కాపు కాస్తారని నమ్మకం. చుక్క కుట్టడం అందరికీ రాదు. తాటాకు కొలత పెట్టి వాలుగా కోసిన ముక్కలు కనుక దారం కాస్త బిగిస్తే గుడ్డ సాగిపోతుంది. ముందు జతలు కుట్టుకుని, జతకు జత కలిపి సగం చుక్క చేసి, ఆఖరున రెండు సగాలనూ ఒక్క వరసలో కలపాలి. చెయ్యి తప్పితే మొనలన్నీ కలిసేచోట బుడిపె లేస్తుంది. బుడిపె బొంత మీద ఏ బిడ్డా నిదరపోడు.

తలుపులమ్మ మూట విప్పింది. మామగారి నీలిమందు పంచె ముక్క, ఆయన తల్లి కోక ముక్క, తుపానులో పోయిన మరిది చొక్కా ముక్క, ఇంకా పాతకాలపు వాళ్లవి. అన్నిటికన్నా అడుగున ఎర్ర గళ్ల గుడ్డ.

ఆమె చెయ్యి ఆగిపోయింది. అది ఆమె మొగుడు రాముడి తలగుడ్డ. బర్మాలోని రంగం పోయే ఓడలో కళాసిగా ఎక్కేనాడు కొత్తది చుట్టుకుని, పాతది చిలక్కొయ్యకు వదిలి వెళ్లాడు. నాలుగేళ్లయింది. రంగం నుంచి తిరిగి వచ్చిన వాళ్లలో ఒకడు అతన్ని చూశానన్నాడు. ఒకడు ఆ ఓడే ములిగిందన్నాడు. మరొకడు బర్మాదాన్ని కట్టుకుని సుఖంగా ఉన్నాడని చెప్పి నవ్వాడు. తలుపులమ్మ ఆ నవ్వినవాడి మాటనే నమ్ముకుని బతుకుతోంది. తలగుడ్డను తన బుట్టలో అడుగున దాచుకుంది.

"నా బుట్ట ఎవరు తీశారు?" అంది.

"నేనే తీశాను. నా కొడుకు గుడ్డకి నీ సెలవు కావాలేంటి?"

"బతికున్నోణ్ణి చుక్కలో కుట్టమంటావా అత్తా?"

"బతికుంటే కబురంపడా?"

"అక్కడ ఎవత్తినో కట్టుకున్నాడంట గదా. ఇంకేం అంపుతాడు?"

"సిగ్గులేదటే నీకు! అదే నిజమవ్వాలని దేవుళ్లకి మొక్కుతున్నట్టున్నావు."

"మొక్కుతాను. ద్రాక్షారామం భీమన్నకే మొక్కుతాను. ఎవత్తి కొంపలోనైనా ఉండనీ, ఊపిరితో ఉంటే చాలు."

వాకిట్లో వల బాగుచేసుకుంటున్న బుల్లియ్య తలెత్తకుండానే, "వదినా, ఎన్నాళ్లని అట్టా కూకుంటావు? ఏదోటి తేలితే అన్నయ్య పడవ వాటా సంగతీ తేలుతుంది" అన్నాడు.

"నువ్వు నోర్ముయ్యరా," అంది మరిడమ్మ. తరవాత కోడలి ఎదట చతికిలబడింది. గొంతు తగ్గింది. "చూడవే. బతికున్నోడి పేరు బిడ్డకు పెట్టకూడదు. చుక్కలో ఎక్కితేనే పేరు బిడ్డకి దిగుతుంది. ఒరే రాముడూ అంటే పలికేవోడొకడు కావాలి నాకు. ఇన్నాళ్లూ గోడలకేసి పిలిచాను."

ఆ మాట అబద్ధం కాదు. సందెవేళ ముసలిది గోడ వైపు తిరిగి గొణుక్కోవడం తలుపులమ్మ వినేది. ఒక్క క్షణం ఆమె మనసు కరిగింది.

"నీకు పలికేవోడు దొరుకుతాడు. మరి నాకో?"

"నీకేంటే, కుర్రదానివి. మారుమనువు చేసుకో. ఎవరొద్దన్నారు? మీ అన్న ఇల్లుంది, ఎల్లు."

తలుపులమ్మకు అంతా తెలిసిపోయింది. చుక్క కుట్టడం అయ్యేసరికి తనకు ఈ ఇంట్లో పని అయిపోతుంది. రాముడు బతికున్నంతవరకే తాను కోడలు. సూదిలో దారం ఎక్కించింది. కోడలు ఒప్పుకుందనుకుని మరిడమ్మ లేచి లోపలికి పోయింది.

బొంత పూర్తయ్యేదాకా తలుపులమ్మ సరిగా తిండి తినలేదు.

ఉయ్యాలనాడు పొద్దున్నే పాలెంలోని ఆడవాళ్లంతా చేరారు. బిడ్డను పడుకోబెట్టే ముందు పెద్దముత్తైదువ చుక్కను చదవాలి. అంటే ఒక్కొక్క మొనా ముట్టుకుని, ఆ గుడ్డ ఎవరిదో వాళ్ల పేరు పైకి చెప్పాలి. పేరు చెప్పాక ఆ చుక్కను మళ్లీ విప్పకూడదు. ఆరోజు చదవడానికి సుబ్బాయమ్మ కూర్చుంది. బొంతను అరచేత్తో రాసి చూసి, "బుడిపె లేదే! నేల మీద నీళ్లు పరిచినట్టుంది" అని మురిసిపోయింది. వరసగా ఏడు పేర్లు చెప్పింది. ఎనిమిదో మొన దగ్గర వేలు ఆగింది. అది పసుపురంగు కోక ముక్క.

"ఇదెవరిదే?"

"నాది. నా పెళ్లి కోక," అంది తలుపులమ్మ.

"పిచ్చిదానా, తెలిసే ఏశావా?"

"తెలిసే ఏశాను. చదువు పెద్దమ్మా."

సుబ్బాయమ్మ మరిడమ్మ వైపు చూసింది. మరిడమ్మ కళ్లు అంచుల్లో వెతుకుతున్నాయి. బుల్లియ్య చొక్కా ముక్కకూ తన కోక ముక్కకూ మధ్య ఎర్ర గళ్ల గుడ్డ కనపడింది. ముసలిదాని ముఖంలో రక్తం లేదు. కోడలి మీద పడి జుట్టు పట్టుకుంటుందని అందరూ అనుకున్నారు. ఆమె మాత్రం చాలా మెల్లగా, "చదువు సుబ్బాయమ్మక్కా. దాని నోటితో అదే చెప్పింది గదా, చదువు" అంది.

సుబ్బాయమ్మ ఆ మొన ముట్టుకుని తలుపులమ్మ పేరు చెప్పింది. బిడ్డకు తాత పేరు పెట్టారు.

మధ్యాహ్నం చుట్టాలు వెళ్లాక ఇంటివాళ్లు అన్నాలకు కూర్చున్నారు. తలుపులమ్మ తన కంచం ముందు కూర్చోగానే మరిడమ్మ వచ్చి ఆ కంచం తీసేసింది. అరిటాకులో అన్నం, చేపల కూర పెట్టి, పెరట్లో కంచె పక్కన పెద్దలకు కూడు పెట్టే చోట ఆ ఆకు పెట్టి వచ్చింది.

"అమ్మా, ఏంటమ్మా ఇది?" అన్నాడు బుల్లియ్య.

"పాలెమంతా ఇన్నారు కదరా. నా కొడుకు బతికున్నాడంట, అది పోయిందంట. పోయినోళ్లకి ఎక్కడ పెడతాం?"

బుల్లియ్య పెళ్లాం, బాలింత అప్పాయమ్మ, "అక్కా, అత్త కాళ్లు పట్టుకోవే" అని ఏడుపు గొంతుతో అంది. తలుపులమ్మ ఎవరి కాళ్లూ పట్టుకోలేదు. లేచి పెరట్లోకి నడిచింది. అప్పటికే ఒక కాకి ఆకు మీద వాలి చేపముక్కను ముక్కుతో లాగుతోంది.

అన్న ఇంటికి పోతే రాముడు చచ్చినట్టే. ఇక్కడుంటే తను చచ్చినట్టు. ఇన్నాళ్ల ఆకలీ ఒక్కసారిగా లేచింది.

"పో!" అని కాకిని తోలింది. అది కంచె మీదకు ఎగిరి అరవసాగింది. తలుపులమ్మ దానివైపు చూడకుండా ఆకు ముందు మఠం వేసుకు కూర్చుంది. కూరలో ఉప్పు ఎక్కువైంది. అయినా మెతుకు మిగల్చకుండా తినేసింది.