గుడ్డ కప్పినవాళ్ల వరస

షెడ్డు హూటరు ఆగి ఆగి మోగిందంటే యాక్సిడెంటు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పసిపిల్లలకి కూడా తెలుసు ఆ సంగతి. ఆదినారాయణ అప్పుడే మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నాడు. రిలీఫ్ రైల్లో, మెడికల్ వ్యానులో ముప్పైనాలుగేళ్లు ఖలాసీగా చేశాడు. రిటైరై పదకొండేళ్లయింది. అయినా కాళ్లు ఊరుకోలేదు. కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి, చెయ్యి కడుక్కుని, నీలం గళ్ల తువ్వాలు భుజాన వేసుకుని బయల్దేరాడు.

ఊరికి కాస్త అవతల లోకల్ రైలు పట్టాలు తప్పింది. రెండు పెట్టెలు ఒరిగాయి. మూడోది వాటిమీదికెక్కి నలిగిపోయింది.

"ఏటి మావా, రిటైరయినోడికి హూటరెందుకు?" అన్నాడు పైడిరాజు స్ట్రెచర్లు దించుతూ. ఒకప్పుడు ఆదినారాయణ చేతికింద పని నేర్చుకున్నవాడే. ఇప్పుడు ఆ ముఠాకి వాడే పెద్ద.

"నువ్వు నేర్సుకున్నావో లేదో సూద్దారనొచ్చాను. మాటలాపి పట్టు."

అంతే. ఆ తర్వాత నవ్వులాటకి ఎవరికీ నోరు రాలేదు.

రైల్వే ఆసుపత్రి నుంచి డాక్టర్ తేజస్వి వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయేమో. ఒక్కొక్కరి దగ్గరా అర నిమిషం కూర్చుని, నాడి చూసి, మణికట్టుకి కార్డు కట్టి లేచిపోతోంది. ఎర్ర కార్డువాళ్లని ముందు ఎత్తాలి. పసుపు కార్డు ఆగగలదు. నడిచేవాళ్లకి ఆకుపచ్చ. పోయినవాళ్లకి నలుపు. ఎవరు గట్టిగా ఏడిస్తే వాళ్ల దగ్గరికి పరిగెత్తకూడదు. ఆదినారాయణకి ఇవన్నీ పాత పాఠాలే.

రెండో పెట్టె సగంలో ఉండగానే కార్డులు అయిపోయాయి.

"తాతగారూ, అందరూ చనిపోయినవాళ్ల దగ్గరే ఆగి నాడి చూస్తున్నారు. టైమ్ వేస్ట్ హో రహా హై. ఏం చెయ్యమంటారు?" అంది ఆవిడ, చెమట తుడుచుకోడానికి కూడా చెయ్యి ఖాళీ లేక.

"పోయినోల్ల ముఖం మీద గుడ్డ కప్పీండమ్మా. మా రోజుల్లో అదే కార్డు. గుడ్డుంటే ఎవ్వులూ ఆగరు."

"అచ్ఛా. అలాగే చెప్పండి."

ఆయనే గట్టెక్కి అరిచి చెప్పాడు, తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి. గుడ్డ ఉన్నచోట ఆగొద్దు. ఎత్తాల్సింది గుడ్డ లేనివాళ్లని. ఆ మాటతో పని నిజంగానే చురుగ్గా సాగింది.

అరగంట తర్వాత మూడో పెట్టెలోంచి సౌభాగ్యని దించారు.

సౌభాగ్య రమణమూర్తి కూతురు. రమణమూర్తి, ఆదినారాయణ ఒకే వ్యానులో పాతికేళ్లు పనిచేశారు, పక్కపక్క క్వార్టర్లలో ఉన్నారు. వాడు పోయాక ఆ పిల్లకి పెళ్లి చేసిందీ, మొగుడు పోయాక ఊళ్లోనే దయాల్‌బంద్‌లో ఇల్లు చూసిపెట్టి కుట్టుమిషను కొనిచ్చిందీ ఈయనే. ఆమెకి ఉన్నది ఒక్కతే కూతురు, భవిత, కాలేజీలో చదువుతోంది.

తొడ చీలిపోయింది. తేజస్వి పట్టీ బిగించి, "ఈమె బతుకుతుంది. కానీ ఎక్కువసేపు ఆగలేదు. నెక్స్ట్ గాడీ మే, పక్కా" అని ఇంకొకరి దగ్గరికి వెళ్లిపోయింది.

గట్టు మీద జనం. ప్రతి చేతిలోనూ ఫోను. సౌభాగ్య జాకెట్టు భుజం దగ్గర చిరిగి ఉంది. ఆదినారాయణ కొంగు లాగి సర్దాడు.

"పెదనాన్నా... ముఖం కప్పీ. భవిత సూసీసుద్ది. ఎవులూ సెప్పకముందే ఫోన్లో సూసీసుద్ది."

"అలాగేనమ్మా. కదలకు."

భుజం మీది తువ్వాలు తీసి కప్పాడు, ఊపిరాడేలా కాస్త వదులుగా.

"బేగొచ్చీ పెదనాన్నా."

"స్ట్రెచరట్టుకుని ఇప్పుడే వస్తాను."

స్ట్రెచర్లు యాభై అడుగుల దూరంలో ఉన్నాయి. దారిలో ఎవరో ఒక లావుపాటి మనిషిని ముగ్గురు మోస్తున్నారు, ఒక మూల జారిపోతోంది. "దాదా, పకడో!" అన్నారు. పట్టుకున్నాడు. పట్టుకున్నాక మధ్యలో వదలడానికి లేదు. రైల్వే గేటు దాకా, అక్కడ ఆగిన అంబులెన్సు దాకా వెళ్లాల్సి వచ్చింది. తిరిగొచ్చేసరికి పావుగంట.

సౌభాగ్య ఉన్నచోట రక్తం మరక మాత్రమే ఉంది. అటువైపు ఇంకో బండి అప్పుడే కదిలి వెళ్లింది. ఎక్కించేశారన్నమాట. ఆదినారాయణ ఆకాశం కేసి చూసి దణ్ణం పెట్టి మళ్లీ పనిలో పడ్డాడు. ఆ రెండు గంటలూ ఆయన చేతులు ఎంత తేలిగ్గా ఆడాయో ఆయనకే తెలుసు.

పొద్దువాలే వేళ తేజస్వి ఆసుపత్రికి ఫోను చేసి పేర్లు రాసుకుంటోంది. ఎర్ర కేసులన్నీ విన్నాడు. సౌభాగ్య పేరు లేదు. మళ్లీ అడగమన్నాడు. మళ్లీ లేదన్నారు.

అప్పుడు తెలిసింది ఆయనకి. ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. గట్టు కింద శవాల మీద కప్పిన టార్పాలిన్ల దగ్గరికి నడిచాడు. ఒక్కొక్కటే ఎత్తి చూస్తూ పోయాడు. చివరినుంచి మూడోది సౌభాగ్య.

తువ్వాలు ముఖం మీద లేదు. ఆమె పిడికిట్లో ఉంది. తనే లాగేసుకుంది. అప్పటికి పైన టార్పాలిన్ కప్పేశారు.

వెనకే వచ్చిన తేజస్వి మోకాళ్ల మీద కూర్చుని మెడ దగ్గర వేళ్లు పెట్టింది. చాలాసేపు తియ్యలేదు. పట్టీ సడలిపోయి ఉంది, కింద మట్టి నల్లగా తడిసి ఉంది. "ఈమెని నేను చూశాను. ఈమె బతకాలి. ఎవరు తెచ్చారిక్కడికి?"

"నేనేనండి." పైడిరాజు ముందుకొచ్చాడు. "పెట్టె కోసీ కట్టర్లు తెచ్చీవోలకి దారి కావాలన్నారు. గుడ్డుంది కదాని కిందికి జరిపీసాం. ఏదో మూలిగినట్టనిపించింది మావా. సుట్టూ అన్నీ మూలుగులే కదా. గుడ్డున్నకాడ ఆగొద్దన్నావు కదా."

"అన్నాను," అన్నాడు ఆదినారాయణ.

"మరి గుడ్డ ఎవరు కప్పారు?" అంది తేజస్వి.

"నేనే."

అవతల ఎవరో పిలుస్తున్నారు. ఆవిడ లేచి వెళ్లిపోయింది. వెళ్లక తప్పదు.

ఆదినారాయణ ఆ పిడికిలి విప్పబోయాడు. వేళ్లు రాలేదు. వదిలేసి, చేతిని అలాగే రెండు చేతుల మధ్యా పెట్టుకుని కూర్చున్నాడు. తువ్వాలు ఒక మూల ఇంకా తడిగా ఉంది, నోటి దగ్గరిది.

జేబులో ఫోను మోగింది. భవిత.

"తాతా, మమ్మీ ఫోన్ ఎత్తట్లేదు. తను ఆ లోకల్లోనే రావాలి. నేను వీడియోలన్నీ చూశాను, ఏక్ ఏక్ కర్‌కే, అన్నీ. ఒక్కదాంట్లోనూ మమ్మీ లేదు." పిల్ల గొంతులో ఆశ. "అంటే ట్రైన్ మిస్సయి ఉంటుంది, హై నా? చెప్పు తాతా, బోలో నా."

ఆయన రెండో చెయ్యి ఇంకా ఆ పిడికిలి మీదే ఉంది.

"నేనే కప్పానమ్మా," అన్నాడు. "సూస్తావని... ముఖం నేనే కప్పాను."

"ఏటి తాతా? ఏం కప్పావు?"