మాటవరసకు భాగస్వామి

ఆసుపత్రి కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్‌లో పేర్లన్నీ పైనుంచి కిందికి చూసి, మళ్ళీ కిందినుంచి పైకి చూసి, "ఈ పేషెంటు పేరు పాలసీలో లేదండీ" అంది. అట్టపెట్టెల షాపు యజమాని ఇంకోసారి చూడమన్నాడు. లేదని అతనికి తెలియకపోలేదు. తెలిసి కూడా, ఆ పేరు జాలిపడి తనంతట తనే వచ్చి అందులో కూర్చుని ఉంటుందేమోనని సిగ్గులేకుండా ఆశపడ్డాడు.

పేషెంటు అతని బావమరిది, భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. పొద్దున అట్ట కోసే మిషన్లో షీటు ఇరుక్కుంటే, స్విచ్ ఆపకుండా కుడిచెయ్యి లోపలికి పెట్టాడు. లారీ వచ్చి నిలబడింది, కానియ్ కానియ్ అని వెనకనుంచి తరిమింది ఈ యజమానే. వేళ్ళు నలిగి వేలాడాయి. డాక్టరు రక్తం ఆపి, కట్టు కట్టి, "రేపు పెద్ద ఆపరేషన్ చేస్తే వేళ్ళు దక్కే అవకాశం ఉంది. అంతకంటే ఆలస్యమైతే తీసెయ్యడమే" అన్నాడు. దానికి అయ్యే ఖర్చు షాపునీ, అందులో మిషన్లనీ, చివరికి తననీ కలిపి అమ్మినా రాదని అతనికి లెక్క వెయ్యకుండానే అర్థమైంది.

ఇన్సూరెన్స్ లేక కాదు. పనిలో దెబ్బ తగిలితే వైద్యం, ఇంట్లో కూర్చున్నన్నాళ్ళూ జీతం, అన్నీ వచ్చే పాలసీ. షాపులో అందరికీ ఉంది, ఈ ఒక్కడికి తప్ప.

ఆ కథ కూడా చెప్పుకోవాలి. పాలసీ రాయించుకునే రోజున ఏజెంటు ఇంటికి వచ్చి పనివాళ్ళ పేర్లు అడిగాడు. ఒక్కొక్కటే చెబుతూ బావమరిది పేరు దాకా వచ్చేసరికి, వంటింట్లోంచి భార్య గరిటెతో సహా ఊడిపడింది.

"మా తమ్ముడు మీకు పనివాడా?"

"ఎంత మాట! భాగస్వామి అని రాసుకోవయ్యా" అన్నాడు యజమాని హడావిడిగా.

"భాగస్వామి అంటే ఓనరు కిందే లెక్క సార్. ఆయనకి ఈ పాలసీ పనిచెయ్యదు" అని ఏజెంటు పాపం చెప్పనే చెప్పాడు. ఓనరు అన్న మాట చెవిన పడగానే ఆవిడ మొహం విప్పారింది. ఒక మనిషి తగ్గితే కట్టాల్సిన ప్రీమియం కూడా తగ్గుతుంది కదా అని ఈయనగారు లోలోపల సంబరపడ్డాడు. మొగుడూ పెళ్ళాం ఒకే విషయానికి సంతోషించడం ఆ ఇంట్లో అరుదు గనక, ఇద్దరూ ఇంకేమీ ఆలోచించలేదు.

మర్నాటినుంచి షాపులో అందరికీ బావమరిది చిన్న ఓనరయ్యాడు. విజిటింగు కార్డులు కొట్టించుకున్నాడు. పెళ్ళిచూపులకి వెళ్ళినా, జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్ళినా ఓ కార్డు ఇచ్చి వచ్చేవాడు. మిగతాదంతా మామూలే. మిషన్ నడిపేది అతనే, అట్టల కట్టలు మోసేది అతనే, వారం చివర అందరితోపాటు జీతం అందుకునేదీ అతనే. కాకపోతే అతని కవరు అందరికంటే ముందు ఇచ్చేవారు. ఆ భాగస్వామ్యంలో అతనికి ముట్టిన భాగం అదొక్కటే.

ఇప్పుడు ఏజెంటు ఆసుపత్రి వరండాలో గొంతు తగ్గించి చెబుతున్నాడు. "ఒక్క దారుంది సార్. ఆయన నిజానికి జీతానికి చేసేవాడైతే, తప్పు రాయించామని మీరు ఒప్పుకోండి. మా ఆఫీసరు సాయంత్రం వచ్చి ఆయన్నే అడుగుతారు. నేను పనివాణ్నని ఆయన నోటితో ఆయనే చెప్పాలి. భాగస్వామినని ఒక్క మాట జారాడా, ఇక దేవుడు దిగొచ్చినా లాభం లేదు."

యజమాని భార్యవైపు చూశాడు. ఏడ్చి ఏడ్చి ఆవిడ కళ్ళు వాచిపోయి ఉన్నాయి. "నా వల్ల కాదండీ. వాణ్ని ఓనర్ని చేసింది నేనే. ఏ మొహం పెట్టుకుని చెప్పను? మీరే చెప్పండి. ఎలాగైనా వాడి చెయ్యి నిలబెట్టండి" అంది.

అతను లోపలికి వెళ్ళాడు. బావమరిది చేతికి దిండంత కట్టు. బావని చూడగానే లేవబోయాడు.

"లారీ వెళ్ళిందా బావా? పార్టీకి ఫోన్ చేశావా? వాళ్ళది మొదటి ఆర్డరు, మన మాట పోకూడదు."

మన అన్న మాటకి యజమాని గుండె కలుక్కుమంది. మంచం అంచున కూర్చుని నేల చూస్తూ, ఆఫీసరు వస్తున్నాడన్నాడు. పనివాణ్నని చెప్పాలన్నాడు.

"ఎవరు, నేనా?" బావమరిది ఆ నొప్పిలోనే నవ్వాడు. "అబద్ధం చెప్పమంటావా? దొరికిపోతే షాపు మూయిస్తారు బావా!"

"అబద్ధం కాదురా."

"అంటే?"

ఏదో ఒకటి తిట్టినా బాగుండును, బావమరిది మాత్రం జవాబు కోసం ఎదురుచూస్తున్నాడు. "నీకెప్పుడైనా లాభంలో వాటా ఇచ్చానా?" అన్నాడు యజమాని చివరికి, తప్పు అవతలివాడిదైనట్టు కాస్త విసురుగా.

"షాపులోనే పెడుతున్నావనుకున్నా" అన్నాడు బావమరిది. "ఆ కటింగ్ మిషన్ కొన్నప్పుడు అందులో నా వాటా కూడా ఉందనుకున్నా. అందుకేగా దాన్ని ఇంకొకళ్ళని ముట్టుకోనిచ్చేవాణ్ని కాదు. వాళ్ళయితే జాగ్రత్తగా చూడరని" అన్నాడు.

యజమాని ముఖం చేతుల్లో దాచుకున్నాడు. దొంగతనం చేసి పట్టుబడ్డా ఇంత సిగ్గు వెయ్యదు. "నన్ను తర్వాత కొట్టు, ఏమైనా చెయ్యి. ఇవాళ మాత్రం ఆ మాట చెప్పరా, నీ కాళ్ళు పట్టుకుంటా" అన్నాడు. బావమరిది చెబుతాడో చెప్పడో తెలియకుండానే సాయంత్రమైంది.

ఆఫీసరు కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చున్నాడు. మర్యాదస్తుడే. యజమాని గోడకి అంటుకుపోయి నిలబడ్డాడు. భార్య గుమ్మంలో కొంగు నోట్లో కుక్కుకుంది.

"మీరు ఈ షాపులో భాగస్వామా?"

బావమరిది అక్కవైపు ఓసారి చూశాడు.

"కాదండీ. పనివాణ్ని."

"జీతమా?"

"వారం వారం ఇస్తారండీ. రాకపోతే కోస్తారు."

"లాభాల్లో వాటా?"

"లాభం వచ్చిందో లేదో కూడా నాకు తెలీదండీ."

"మరి భాగస్వామి అని ఎందుకు రాయించారు?"

"మావాళ్ళకి నేనంటే ప్రేమండీ. మాటవరసకు అన్నారు. నిజమనుకున్నాను."

ఆ ప్రేమ అన్న మాటలో వెటకారం ఉంటే యజమాని తట్టుకునేవాడు. లేదు. తను బతిమాలుకున్న జవాబులే ఒక్కొక్కటిగా వచ్చి చెంప పగలగొట్టినట్టు తగిలాయి. గుమ్మంలో ఆవిడ, "వాటా ఇవ్వటమే లేదా?" అని మొగుడివంక చూసింది. ఆవిడకి నిజంగానే తెలియదు.

ఆఫీసరు సంతకం బదులు ఎడమచేతి వేలిముద్ర తీసుకున్నాడు. "ఇది చాలు. ఆపరేషన్‌కి అనుమతి ఇవ్వమని ఇప్పుడే చెబుతాను. క్లెయిము తేలేలోపు నేను ఇంకోసారి వచ్చి అడగవలసి ఉంటుంది" అని లేచి వెళ్ళాడు.

యజమానికి ఏడుపు ఆగలేదు. మంచం దగ్గరికి వచ్చి, బావమరిది మంచి చెయ్యి పట్టుకున్నాడు.

"ఒరేయ్, మీ అక్కమీద ఒట్టు. రేపే వెళ్ళి రాయించేస్తా. ఈసారి మాటవరసకు కాదు. సగం షాపు నీ పేరునే ఉంటుంది."

బావమరిది చెయ్యి విడిపించుకోలేదు. కళ్ళు మాత్రం మూసుకున్నాడు.

"ఇప్పుడు వద్దు బావా. ఆయన మళ్ళీ వస్తే పనివాణ్ననే చెప్పాలిగా."