వెంట్రుక వెనక వెలుగు

సాయంత్రం ఇంట్లో కృతజ్ఞతా కూడిక. క్రీస్తుదాసు మధ్యాహ్నం నుంచే బేస్‌మెంట్‌లో కుర్చీలు సర్దుతూ, చెప్పబోయే సాక్ష్యాన్ని నాలుక మీద తిప్పుకుంటున్నాడు. కెనడాలోని ఓక్‌విల్ తెలుగు క్రైస్తవ సంఘంలో, దేవుడు తనను కాపాడాడని చెప్పే ఆ సాక్ష్యం వినని చెవి లేదు. నిరుడు జనవరిలో ఓ మంచు ఉదయం, కార్ల ఫ్యాక్టరీలో డ్యూటీకని రోజూలాగే పక్కింటి భీమారావు కారెక్కాడు. వీధి మలుపు దాకా వెళ్ళాక అన్నం క్యారేజీ ఇంట్లో మరిచిపోయిన సంగతి గుర్తొచ్చింది. "నువ్వు పద బావా, నేను నా బండిలో వస్తా" అని దిగిపోయాడు. భీమారావు వెళ్ళాడు. హైవే మీద గడ్డకట్టిన చోట ఓ ట్రక్కు జారి అడ్డం తిరిగింది. కారుకి ఆకారమంటూ మిగల్లేదు. మనిషీ మిగల్లేదు.

"ఆ క్యారేజీని నాకు మరిపించిందెవరు?" ఇక్కడ క్రీస్తుదాసు ఆగుతాడు. ఎంతసేపు ఆగాలో ఆయనకు బాగా తెలుసు. జనం "స్తోత్రం" అంటారు. కొందరు కళ్ళు తుడుచుకుంటారు.

ఈసారి ఆ కుర్చీల్లో భీమారావు భార్య దమయంతి కూడా కూర్చోబోతోంది. ఆయనే స్వయంగా వెళ్ళి పిలిచి వచ్చాడు.

"మీకు బుద్ధుందా అని అడగనండీ, లేదని తెలుసు గనక," అంది జయమణి, పై నుంచి టీ పట్టుకొచ్చి. "ఆయన పోయిన రోజున మీరు బతికిన పండగా? దానికి ఆవిడే అతిథా?"

"వాళ్ళది తిథి లెక్క గదే. సంవత్సరీకం పోయిన వారమే గుళ్ళో చేయించేశారు. ఇవాళ ఖాళీయే కదా అనుకున్నా."

"తిథి పంతులుగారికి. పెళ్ళానికి తారీఖు గుర్తుండదా?"

అప్పుడు తట్టింది క్రీస్తుదాసుకి. పిలిచినావిణ్ణి రావొద్దనడానికి నోరు రాదు. వచ్చినావిడ ఎదుట ఆ ప్రశ్న అడగడానికీ నోరు రాదు. ఇంకేం చెప్పాలి? చల్లారిపోతున్న టీ ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో మళ్ళీ కుర్చీలు జరపసాగాడు.

"డాడీ! వన్ మినిట్ రావా?" అని వాష్‌రూమ్‌లోంచి టీనా పిలిచింది. పన్నెండో క్లాసు పిల్ల. బేస్‌మెంట్ వాష్‌రూమ్‌కి కిటికీ లేదు కాబట్టి పొద్దున్నుంచి దాన్నే ఫిజిక్సు ల్యాబ్ చేసుకుంది. తండ్రి సండే స్కూల్లో స్లైడ్లు చూపించే ఎర్ర లేజర్ లైటు పాయింటర్‌ని పుస్తకాల మధ్య ఇరికించి కదలకుండా పెట్టింది. దాని ముందు చిల్లు పెట్టిన అట్టముక్క. ఆ చిల్లు మీద, తల్లి దువ్వెనలోంచి లాగిన ఒక్క వెంట్రుకను నిలువుగా టేపుతో అంటించింది.

"గెస్ చెయ్యి. లైట్ వేస్తే గోడ మీద ఏం కనిపిస్తుంది?"

"ఏముందీ, ఎర్ర చుక్క. మధ్యలో వెంట్రుక నీడ, సన్నగా."

టీనా తలుపు మూసి, లైటు తీసేసి, బటన్ నొక్కింది.

క్రీస్తుదాసు టీ కప్పు కింద పెట్టేశాడు. గోడ మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎర్రని గింజల బారు. వెలుగు, పక్కన చీకటి, మళ్ళీ వెలుగు, మళ్ళీ చీకటి. దువ్వెన పళ్ళలా తీరుగా ఉన్నాయి. నీడ పడుతుందనుకున్న నడిమధ్యన అన్నిటికంటే పెద్ద వెలుగు.

నమ్మలేక అట్టముక్క పక్కకు తీశాడు. ఒక్కటే చుక్క. పెట్టాడు. బారు. తీశాడు, పెట్టాడు. ఇంత చిన్న వెంట్రుక!

"వెలుగు వెంట్రుకకి అటూ ఇటూ పోయింది, సరే. రెండు వెలుగులు కలిస్తే ఇంకా వెలుగవ్వాలి గదా. మధ్యలో ఈ చీకటెక్కడిది?"

"వేవ్స్, డాడీ. కొన్ని చోట్ల కలుస్తాయి, కొన్ని చోట్ల కాన్సిల్."

క్రీస్తుదాసుకి నరసాపురం దగ్గర వాళ్ళ పెదనాన్న రొయ్యల చెరువు కళ్ళ ముందు నిలిచింది. నీళ్ళకు గాలి పట్టించే రెండు ఏరేటర్ల చక్రాలు నీళ్ళను చిలుకుతుంటే, ఆ అలలు ఎదురుపడే చోట ఒక పట్టీ మాత్రం అల్లాడకుండా నున్నగా ఉండేది. చిన్నప్పుడు రోజూ చూసినదే. ఏంటని అడగలేదు.

"వెయిట్, క్రేజీ పార్ట్ ఇప్పుడు," అంది టీనా. "పెద్ద ల్యాబ్స్‌లో లైట్‌ని వన్ బై వన్ పంపారు. ఒక్కొక్క రేణువు. అయినా చివరికి ఇవే చారలు."

"ఒక్కటే వస్తే దాన్ని కాన్సిల్ చేసేదెవరు?"

"నోబడీ నోస్ ఫర్ ష్యూర్. కొంతమంది సైంటిస్ట్స్ ఏమంటారంటే, రెండు దారులూ నిజమే. ఒక యూనివర్స్‌లో ఇటు వెళ్తుంది, ఇంకోదాంట్లో అటు. అందరూ ఒప్పుకోరనుకో. బట్ ఇమాజిన్! ఒక యూనివర్స్‌లో కారు నువ్వు నడిపావేమో, క్యారేజీ మర్చిపోయింది భీమా అంకులేమో. నువ్వు కాదేమో."

పిల్ల మామూలుగా అనేసింది. తండ్రి మాత్రం ఆ ఎర్ర గింజల మీంచి కళ్ళు తిప్పుకోలేకపోయాడు. అక్కడ భీమారావు ఇవాళ గుళ్ళో కొబ్బరికాయ కొడుతుంటాడు. 'దేవుడే నన్ను దింపాడు' అని పదిమందికీ చెబుతుంటాడు. తనలాగే సరిగ్గా అక్కడే ఆగుతాడు. చివరి వరసలో జయమణి తెల్లచీర కొంగు తల మీదికి లాక్కుని వింటూ ఉంటుంది.

క్యారేజీని మరిపించిందెవరన్న ప్రశ్నను ఇన్నాళ్ళూ ముందు నుంచే, తన వైపు నుంచే చూశాడు. దాని వెనక్కి ఎన్నడూ వెళ్ళలేదు.

"ఏంటి అన్నయ్యగారూ, తండ్రీకూతుళ్ళు చీకట్లో దాగుడుమూతలా?"

పులిహోర గిన్నెతో తలుపు తోసి దమయంతి గుమ్మంలో నిలబడి ఉంది. చెప్పిన వేళకంటే ముందే వచ్చేసింది. టీనా ఆవిణ్ణి లోపలికి లాగి, తలుపు మూసి, చారలూ, ఒక్కొక్క రేణువూ, రెండు లోకాలూ అంతా మళ్ళీ చెప్పుకొచ్చింది. దమయంతి నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"మీ అమ్మ వెంట్రుకకేనా, నాదానికీ ఇలాగే వస్తుందా?" అని తలలోంచి ఒకటి పీకి ఇచ్చింది. తెల్లది. టీనా దాన్ని అంటించింది. అదే బారు, అదే నడిమి వెలుగు.

"ఆ ఒక్క రేణువూ ఎటు వైపు నుంచి పోయిందో పట్టుకుని చూడలేరా అమ్మా?"

"ల్యాబ్‌లో చూశారు ఆంటీ. ఎటు వెళ్ళిందో తెలిస్తే చారలు పోతాయి."

"అయితే చూడొద్దులే," అంది దమయంతి మెల్లగా. అంతలోనే నవ్వింది. "ఆయన ఏ లోకంలో ఉన్నా కారు మీద మంచు సగమే గీకుతాడు. అందులో అనుమానం లేదు."

ముగ్గురూ నవ్వారు. టీనా టేపు కోసం పైకి వెళ్ళగానే క్రీస్తుదాసు ఉండబట్టలేక అన్నాడు. "చెల్లెమ్మా, ఇవాళ నిన్ను పిలవకుండా ఉండాల్సింది. నాకు బుర్ర లేకపోయింది."

"సాక్ష్యం చెబుతారని తెలిసే వచ్చా అన్నయ్యగారూ. నా ముందు ఆయన పేరెత్తడం అందరూ మానేశారు. మీరొక్కరే చెబుతున్నారు. పేరు వినడానికి వచ్చా." గిన్నె మూత సర్దుతూ, "క్యారేజీ దాకా చెప్పండి. ఆ తర్వాతది... మీ ఇష్టం," అంది.

సాయంత్రం కుర్చీలన్నీ నిండాయి. పాట అయింది, ప్రార్థన అయింది. క్రీస్తుదాసు లేచాడు. మంచు చెప్పాడు, మలుపు చెప్పాడు, క్యారేజీ చెప్పాడు. అలవాటైన చోటికి వచ్చి ఆగాడు. ముందు వరసలో ఎవరో అలవాటు కొద్దీ "స్తోత్రం" అనేశారు కూడా.

ఆయన ఆ ప్రశ్న అడగలేదు. వెనక వరస వైపు చూశాడు.

"నేనెక్కే ముందే మా బావ నా సీటు హీటర్ వేసి ఉంచేవాడు," అన్నాడు. "రోజూ. ఆ రోజు కూడా వేశాడు. నేను దిగేటప్పటికి సీటు వెచ్చగా ఉంది. ఆయన వెళ్ళాక కూడా కాసేపు వెచ్చగానే ఉండుంటుంది. నాకు తెలిసింది ఇంతే. మిగతాది నాకు తెలియదు."

గదిలో ఏ మూల నుంచీ స్తోత్రం రాలేదు.

"నాకెప్పుడూ వెయ్యలేదు ఆ స్విచ్చి," అంది దమయంతి వెనక వరసలోంచి, ఏడుస్తూ, నవ్వుతూ. "చలేస్తోందంటే శాలువా కప్పుకోమనేవాడు."

జయమణి లేచి వెళ్ళి ఆవిడ పక్క కుర్చీలో కూర్చుంది. టీనా ఎవరినీ అడక్కుండానే గదిలో లైట్లు తీసేసి, వాష్‌రూమ్‌లోంచి తెచ్చిపెట్టుకున్న పాయింటర్ బటన్ నొక్కింది. ఎదురు గోడ మీద, దమయంతి ఇచ్చిన ఆ తెల్లవెంట్రుక మీంచి, ఎర్రని బారు పరుచుకుంది. పిల్లలతో సహా అందరూ మెడలు సాచి చూశారు. పాస్టరుగారు కూడా కళ్ళజోడు పెట్టుకుని కుర్చీ ముందుకి జరుపుకున్నారు.