చలిగా ఉంది, తొడుక్కో

సినిమా తీసిన దొరలారా, మీరు దొంగలు! ఎర్సీలియా ముఖం వాడుకుని ఆమె గొంతు పారేశారు.

ఎర్సీలియా మా రోమ్‌లో, మా పేట తొట్ల దగ్గర పదిమంది బట్టలు ఉతికి బతికే మనిషి. జర్మన్లు నగరాన్ని ఏలుతున్న ఆ చలికాలంలో, వాళ్లకు వ్యతిరేకంగా కరపత్రాలు పంచాడని ఆమె భర్త నజ్జరేనోను ట్రాం షెడ్డులోంచి పట్టుకుపోయారు. తొట్ల ముందు నుంచే నడిపించుకుపోయారు. ఆమె పరిగెత్తి, అతని తల్లి అల్లిన స్వెట్టర్ విసిరి అరిచింది: "నజ్జరేనో! చలిగా ఉంది, తొడుక్కో!"

అతను తొడుక్కున్నాడు. తిరిగి రాలేదు.

యుద్ధం అయ్యాక సినిమావాళ్లొచ్చారు. నటులొద్దు, నిజమైన మనుషులే కావాలన్నారు. మంచిదే! అదే చోట ఎర్సీలియా మళ్లీ స్వెట్టర్ విసిరి, అదే మాట అరిచింది. కెమెరా తిప్పేవాడు కళ్లు తుడుచుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం ఆమె అత్త అసూంతాను చెయ్యి పట్టుకుని ఆ సినిమాకు తీసుకెళ్లింది. ముసలమ్మకు చూపు లేదు. కొడుకును తీసుకుపోయిన రోజు ఆస్పత్రిలో ఉంది. అతను విన్న ఆ ఆఖరి మాట తానూ ఒక్కసారి వినాలని ఆవిడ కోరిక.

"వస్తోందత్తా. ఇదుగో, నేనే."

హాల్లో గొంతు మోగింది: "వీరుడా, సాగిపో! ఇటలీ వర్ధిల్లాలి!"

"ఎవరే అది? జలుబు చేసిన దొరసానిలా ఉంది. నువ్వేదీ?"

మాటలు తర్వాత స్టూడియోలో చేర్చారట. మా పేట యాస మొరటని చదువుకున్న నటిచేత చెప్పించారట. తెరమీద ఆమె పెదవులు మాత్రం "తొడుక్కో" అనే అంటున్నాయి. చూపున్నవాళ్లకైనా అది తెలుస్తుంది. ముసలమ్మకెలా తెలుస్తుంది?

ఎర్సీలియా లేచి నిలబడింది. "నజ్జరేనో! చలిగా ఉంది, తొడుక్కో!"

"కూచోవమ్మా, ఇదేమన్నా బట్టలుతికే చోటనుకున్నావా?" అని వెనక ఒకడు కసిరాడు. తెరమీది ముఖాన్నీ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. నెమ్మదిగా టోపీ తీసేశాడు.

ముసలమ్మ కోడలి చెయ్యి తడిమి పట్టుకుంది. "ఆ, ఇదీ నీ గొంతు. తొడుక్కున్నాడా?"

"తొడుక్కున్నాడత్తా. మెడదాకా లాక్కున్నాడు."

"మరి వాడికి చలేస్తోందని ఆ దొరసానికేం తెలుసే?"

దొరలారా, జవాబు చెప్పండి! మావాళ్లు మీ నినాదాలు వింటూ పోలేదు. ఇంట్లో అల్లిన ఉన్ని తొడుక్కుని పోయారు. పేదవాడి బాధ కావాలి గానీ పేదవాడి మాట అక్కర్లేదా? ఆ రీళ్లు వెనక్కి తెప్పించండి. ఎర్సీలియాను స్టూడియోకు పిలవండి. ఆమె మాటను ఆమె గొంతుతోనే వినిపించండి. రేపు కాదు, ఇప్పుడే!