ఒక్క మడి, నలభై మొక్కలు

కొత్త విత్తనం పాతదానికంటే మూడో వంతు ఎక్కువ కాసిందని వ్యవసాయ పరిశోధన క్షేత్రం డైరెక్టరుగారు ప్రకటించగానే హాల్లో చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా కొట్టింది రెండో వరసలో కూర్చున్న తమ్ముడు. గోడవార నిలబడ్డ అక్క చప్పట్లు కొట్టలేదు. ఆ పరిశోధన క్షేత్రంలో లెక్కలు చూసేది ఆవిడే. ఈ ఒక్క లెక్క మాత్రం ఆవిడ దాకా రానివ్వలేదు. తమ్ముడేమో ఉన్న నేలంతా కొత్త విత్తనమే చల్లుతానని భీష్మించుకున్నాడు. పంట పోతే ఇంటిల్లిపాదీ పస్తే.

"ఎన్ని మళ్ళలో వేశారండీ?" అని అక్క అడిగేసింది.

"నలభై నమూనాలమ్మా!"

"నమూనాలు కాదండీ, మళ్ళు."

ఆయనగారు చేతిలో కాగితం తిరగేశారు. "పాతదానికొకటి, కొత్తదానికొకటి. ఒక్కోదాంట్లో నలభై మొక్కలు కొలిచాం. ఒకటా రెండా!"

"ఒకే కుండలోంచి నలభై గరిటెలు రుచి చూసి, నలభై ఇళ్ళ వంట తిన్నానన్నట్టుందండీ."

"ఈవిడకి దేవుడు కనిపించినా, నమ్మకం లేదు, ఇంకోసారి రమ్మంటుంది!" అన్నారాయన. హాలంతా గొల్లుమంది.

దణ్ణం పెట్టుకోనిదే గడప దాటని అక్కకు ఆ మాట చురుక్కుమంది. నేలను అంతటా ఒక్కలా పరచనిది ఆ దేవుడే కదా! దేవుడు పెట్టిన ఆ తేడా చూడకుండా చప్పట్లు కొట్టించుకోవడం ఏ పాటి భక్తి?

బయటికి రాగానే తమ్ముడు హాల్లో ఇచ్చిన కొత్త విత్తనాల బస్తా భుజాన వేసుకుని విసవిసా నడిచాడు.

"నలుగురిలో నా పరువు తీశావక్కా."

"తీస్తే తీశాను. కొత్తది వేసిన ఆ మడి ఒక్కసారి చూసి పో."

తమ్ముడు మడి గట్టున బస్తా దించి, గొణుక్కుంటూనే గుప్పెడు మట్టి తీసి వాసన చూశాడు. మొహం మారిపోయింది.

"ఇక్కడ పశువుల కొట్టం ఉండేదా ఏంటి?"

"ఏళ్ళ తరబడి ఉండేది. పడగొట్టి మడి చేశారు. పాత విత్తనం వేసిందేమో, అదుగో, ఆ చవిటి నేలలో."

"ఇందులో గొడుగు పాతినా కాయలు కాస్తుందే!"

"కొత్త విత్తనం మంచిదే కావచ్చురా. చెడ్డదని నేననలేదు. మిట్టన, పల్లాన, నాలుగైదు చోట్ల రెండూ పక్కపక్కనే వేసి చూడందే ఎవరికీ తెలీదంతే."

ఇంతలో ఫొటోగ్రాఫరును వెంటేసుకుని డైరెక్టరుగారు వచ్చారు. మడిలోకెల్లా లావుపాటి మొక్కను వెతుక్కుని, పెళ్ళికొడుకులా దాని పక్కన నిలబడ్డారు.

"అలక తీరిందామ్మా? నీ మాట ఎందుకు కాదనాలి! వచ్చే ఏడు నమూనాలు రెట్టింపు చేస్తాం. ఎనభై మొక్కలు!"

"ఎక్కడ సార్?" తమ్ముడు అడిగాడు.

"ఇక్కడేనయ్యా. ఇంత బాగా కాసే మడి మనకింకోటెక్కడుంది?"

తమ్ముడు బస్తా మూతి విప్పి, నాలుగైదు చాళ్ళకు సరిపడా గింజలు తువ్వాల్లో మూట కట్టుకున్నాడు. మిగతా బస్తాను తెచ్చి డైరెక్టరుగారి కాళ్ళ దగ్గర పెట్టాడు.

"ఇది మీ దగ్గరే ఉంచండి సార్. ఫొటోలో నిండుగా ఉంటుంది."